కిరణాల మందుకు పరీక్ష



మా సంజామల పాఠశాలలో ఒకరోజు పదవ తరగతికి పరమాణువు పాఠం చెబుతున్నాను. వెనక బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి నిలబడింది. చేతిలో వార్తాపత్రిక నుంచి కత్తిరించిన చిన్న కాగితం ముక్క ఉంది.

"సార్, రేడియో ధార్మిక మందు ఒంట్లోకి ఎక్కిస్తే అది కాన్సరు కణాలను వెతుక్కుంటూ పోయి చంపుతుందట. నిజమేనా?"

"నిజమే" అన్నాను.

"క్లోమానికి వచ్చిన కాన్సరుకు కూడానా సార్? మా జేజినాయనకు అదే వచ్చిందని పెద్దాసుపత్రిలో చెప్పారు."

నేను జవాబు చెప్పేలోగా ఆమే మళ్ళీ అడిగింది. "దాన్ని ఇంకా పరీక్ష చేస్తున్నారని రాశారు. కొందరికి అసలు మందు ఇస్తారట, కొందరికి ఉత్తుత్తి మందు ఇస్తారట. అంత జబ్బు మనిషికి ఉత్తుత్తి మందు ఇవ్వడం అన్యాయం కాదా సార్?"

తరగతి అంతా నిశ్శబ్దమైపోయింది. ఇంతలో గంట కొట్టారు. "రేపు చెబుతానమ్మా" అన్నాను. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. తరువాత మూడు రోజులు ఆ తరగతికి చెప్పినదే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

క్లోమం ఎక్కడ ఉంది?

మీ అరచేతిని పొట్ట పైభాగాన, పక్కటెముకలు కలిసే చోటికి కొంచెం కింద పెట్టుకోండి. లోపల ముందు జీర్ణాశయం, దాని వెనక, వెన్నెముకకు ముందు, అడ్డంగా పడుకున్న ఆకులాంటి గ్రంథి ఉంటాయి. ఆ గ్రంథే క్లోమం. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. ఇది రెండు పనులు చేస్తుంది. అన్నాన్ని అరిగించే రసాన్ని తయారుచేసి చిన్నపేగులోకి పంపుతుంది. ఇన్సులిన్ వంటి హార్మోనులను తయారుచేసి నేరుగా రక్తంలోకి వదులుతుంది.

ఈ రెండు పనులకు రెండు రకాల కణాలు ఉన్నాయి. అందుచేత కాన్సరు కూడా ముఖ్యంగా రెండు రకాలు. రసం పారే నాళాల కణాలలో పుట్టేది మొదటి రకం. క్లోమం కాన్సర్లలో నూటికి 90కి పైగా ఇదే. హార్మోనులు తయారుచేసే కణాలలో పుట్టేది రెండవ రకం. ఇది అరుదు, సాధారణంగా నెమ్మదిగా పెరుగుతుంది. ఈ తేడాను గుర్తుంచుకోండి, ముందు ముందు చాలా అవసరం.

మొదటి రకం కాన్సరు దాగుడుమూతలు ఆడుతుంది. క్లోమం లోతుగా ఉండడంవల్ల గడ్డ చేతికి తగలదు, మొదట్లో నొప్పీ తెలియదు. కామెర్లో, నడుం నొప్పో, కారణం లేకుండా బరువు తగ్గడమో కనిపించి ఆసుపత్రికి వెళ్ళేసరికి చాలామందిలో కాన్సరు కాలేయానికో మరొక చోటికో పాకి ఉంటుంది. అమెరికాలో వేసిన లెక్కల ప్రకారం, క్లోమం కాన్సర్లు అన్నీ కలిపి చూస్తే, అవి వచ్చినవారిలో అయిదేళ్ళ తరువాత బ్రతికి ఉండేది నూటికి సుమారు 13 మంది. దూరపు అవయవాలకు పాకిన తరువాత తెలిసినవారిలోనైతే నూటికి ముగ్గురే. కొత్త మందుకోసం అంత ఆరాటం ఎందుకో ఈ అంకెలే చెబుతాయి.

చిరునామా లేని కిరణాలు, చిరునామా ఉన్న కిరణాలు

1896లో బెక్వెరెల్ యురేనియంలో రేడియో ధార్మికతను కనుగొన్నాడు. 1898లో క్యూరీ దంపతులు రేడియంను కనుగొన్నారు. యురేనియం ఎక్కడో దూరదేశాల్లో దొరికే వస్తువని అనుకోకండి. మన పొరుగున ఉన్న కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది.

ఈ కిరణాలు జీవకణం కేంద్రకంలోని డి.ఎన్.ఏ. పోగులను తెంచుతాయి. పోగులు తెగిన కణం విభజన చెందలేక చచ్చిపోతుంది. ఈ గుణాన్ని గ్రహించిన వైద్యులు కాన్సరు గడ్డపై బయటినుంచి కిరణాలు ప్రసరింపజేయసాగారు. గడ్డ ఒకచోటే ఉంటే ఈ పద్ధతి బాగా పనికివస్తుంది. కాని గడ్డ పది చోట్లకు పాకితే? శరీరమంతటా కిరణాలు కొడితే కాన్సరుతోపాటు మనిషీ దెబ్బతింటాడు. కలుపుమొక్క కోసం చేనంతా దున్నేసినట్టు అవుతుంది.

కిరణాలు ఇచ్చే పదార్థమే లోపలికి వెళ్ళి, తనంతట తాను కాన్సరు కణాల దగ్గరికి చేరితే ఎంత బాగుంటుంది! థైరాయిడ్ గ్రంథి విషయంలో ఈ కోరిక మొదట తీరింది. థైరాయిడ్‌కు అయోడిన్ కావాలి. రక్తంలో అయోడిన్ కనిపిస్తే చాలు, అది లాక్కుంటుంది. మామూలు అయోడిన్‌కు, రేడియో ధార్మిక అయోడిన్‌కు తేడా దానికి తెలియదు. 1941లో అమెరికాలోని బోస్టన్ నగరంలో సాల్ హెర్ట్స్ అనే వైద్యుడు థైరాయిడ్ జబ్బుకు రేడియో ధార్మిక అయోడిన్ ఇచ్చి చూశాడు. ఆ చికిత్స ఈనాటికీ వాడుకలో ఉంది.

క్లోమానికి అలాంటి అదృష్టం లేదు. ఏ మూలకాన్నీ అది ప్రత్యేకంగా లాక్కోదు. కాబట్టి చిరునామా మనమే రాసి పంపాలి.

ఉత్తరంలాంటి మందు

ఈ మందులో మూడు భాగాలు ఉంటాయి. మొదటిది చిరునామా. కాన్సరు కణం పైపొరమీద కొన్ని ప్రోటీనులు మామూలు కణాలమీద కంటే చాలా ఎక్కువగా ఉంటాయి. వాటిని గ్రాహకాలు అంటారు. ఒక గ్రాహకానికి, తాళానికి తాళంచెవిలా, సరిగ్గా అతుక్కునే అణువును తయారుచేస్తారు. రెండవది కొక్కెం. అణువుకు, రేడియో ధార్మిక పరమాణువుకు మధ్య ఉండి వాటిని విడిపోకుండా పట్టి ఉంచుతుంది. మూడవది రేడియో ధార్మిక పరమాణువు. పని చేసేది ఇదే.

ఈ పనికి వాడే పరమాణువులలో మూడింటిని చూద్దాం.

ల్యుటీషియం-177 బీటా కణాలను వెదజల్లుతుంది. అవి శరీరంలో గరిష్ఠంగా 2 మిల్లీమీటర్ల దూరం పోతాయి. అంటే సుమారు వంద కణాల వరస. దాని అర్ధజీవిత కాలం ఆరున్నర రోజులకు కొంచెం ఎక్కువ. కొద్దిగా గామా కిరణాలను కూడా ఇస్తుంది. వాటి సాయంతో మందు ఎక్కడికి చేరిందో కెమెరాతో ఫోటో తీయవచ్చు. బొంబాయి దగ్గర ట్రాంబేలో ఉన్న భాభా అణు పరిశోధన కేంద్రం 'ధ్రువ' రియాక్టరులో దీన్ని మన దేశంలోనే తయారుచేస్తోంది.

యిట్రియం-90 కూడా బీటా కణాలనే ఇస్తుంది. కాని అవి 11 మిల్లీమీటర్ల దాకా పోగలవు. అర్ధజీవిత కాలం 64 గంటలు.

ఆక్టీనియం-225 ఆల్ఫా కణాలను ఇస్తుంది. అవి మిల్లీమీటరులో పదో వంతు దూరమైనా దాటవు. కాని వెళ్ళిన దారిలో డి.ఎన్.ఏ. రెండు పోగులనూ ఒకేసారి తెంచగలవు. అర్ధజీవిత కాలం సుమారు 10 రోజులు. ఇది ప్రపంచంలోనే చాలా తక్కువగా దొరుకుతుంది.

చికిత్సకు ముందు మరొక పని చేస్తారు. అదే చిరునామాకు గాలియం-68 వంటి పరమాణువును తగిలించి కొద్దిగా ఎక్కిస్తారు. దాని అర్ధజీవిత కాలం 68 నిమిషాలే. అది కాన్సరును చంపడానికి కాదు, చూపడానికి. గడ్డలు ఫోటోలో దీపాల్లా వెలిగితే చిరునామా సరైనదన్నమాట. వెలగకపోతే ఆ రోగికి ఆ మందు ఇచ్చి లాభం లేదు.

చేసి చూడండి

అర్ధజీవిత కాలం అంటే ఏమిటో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. 64 చింతగింజలు తీసుకొని, ఒకవైపు తెల్లగా అయ్యేదాకా బండమీద అరగదీయండి. అన్నిటినీ చేటలో వేసి కుదిపి నేలమీద పోయండి. తెల్లవైపు పైకి పడిన గింజలను 'క్షీణించిన పరమాణువులు' అనుకొని తీసివేయండి. మిగిలినవాటిని లెక్కపెట్టి రాసుకోండి, మళ్ళీ పోయండి. సుమారుగా 64, 32, 16, 8 అని తగ్గుతూ రావడం చూస్తారు. ఏ గింజ ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. కాని గుంపులో సగం పోతాయని ముందే చెప్పవచ్చు. ఒక్కొక్క విసురును ఒక అర్ధజీవిత కాలం అనుకోండి. ల్యుటీషియం-177 అయితే నాలుగు విసుర్లకు దాదాపు 27 రోజులు. అప్పటికి మిగిలేది పదహారో వంతు.

'ఒకటి తెల్లగా పడుతుందా, నల్లగా పడుతుందా' అన్నది చెప్పలేం గాని 'గుంపులో ఎన్ని' అన్నది చెప్పగలం. ఈ మాట మనసులో పెట్టుకోండి. మందుల పరీక్షకు కూడా ఇదే ఆధారం.

ఫలించిన పరీక్ష

క్లోమం కాన్సర్లలో అరుదైన రెండవ రకం ఉందని చెప్పాను కదా. ఆ కణాలమీద సొమటోస్టాటిన్ అనే హార్మోనుకు గ్రాహకాలు చాలా ఎక్కువగా ఉంటాయి. ఆ హార్మోనును పోలిన అణువుకు ల్యుటీషియం-177ను తగిలించారు. ఇదే జాతి కాన్సరు పేగుల్లో పుట్టిన 229 మందిలో మొదటి పెద్ద పరీక్ష జరిగింది. ఫలితాలు 2017లో వెలువడ్డాయి. 20 నెలల తరువాత చూస్తే, కిరణాల మందు పొందినవారిలో నూటికి 65 మందిలో జబ్బు ముదరలేదు. వేరే మందు మాత్రమే పొందినవారిలో నూటికి 11 మందిలోనే అలా జరిగింది. 2018లో అమెరికా ప్రభుత్వం ఈ మందును అనుమతించింది. క్లోమంలో పుట్టిన ఇదే జాతి కాన్సరుకూ ఆ అనుమతి వర్తించింది.

2024లో వెలువడిన మరో పరీక్షలో 226 మంది పాల్గొన్నారు. వారిలో క్లోమంలో ఈ రకం కాన్సరు వచ్చినవారు కూడా ఉన్నారు. జబ్బు ముదరకుండా ఆగిన కాలం కిరణాల మందుతో సుమారు 23 నెలలు, అది లేకుండా ఎనిమిదిన్నర నెలలు. మన దేశంలోనూ ఈ చికిత్స చేస్తున్నారు. ల్యుటీషియంకు లొంగని రోగులు, దానితో జబ్బు నిలకడగా ఉన్న రోగులు కలిసి 32 మందికి ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు ఆక్టీనియం-225 ఇచ్చి చూశారు. తమ తొలి అనుభవాలను 2020లో ప్రకటించారు.

ఫలించని పరీక్ష

ఇక ఎక్కువమందికి వచ్చే మొదటి రకం సంగతి. మా విద్యార్థిని తాతగారికి వచ్చింది ఇదే.

ఈ కాన్సరు కణాలమీద ఉండే మ్యూసిన్ అనే జిగట ప్రోటీనును గుర్తుపట్టే ప్రతిదేహాన్ని శాస్త్రజ్ఞులు తయారుచేశారు. దాని పేరు క్లివటూజుమాబ్. దానికి యిట్రియం-90ను తగిలించారు. మొదట కొద్దిమందిలో జరిపిన చిన్న పరీక్షలు ఆశ కలిగించాయి. ముఖ్యంగా, ఎక్కువ దఫాలు మందు తీసుకున్నవారు ఎక్కువ కాలం బ్రతికారు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఎక్కువ దఫాలు తీసుకోవడంవల్ల ఎక్కువ కాలం బ్రతికారా? లేక ఎక్కువ కాలం బ్రతికారు కాబట్టి ఎక్కువ దఫాలు తీసుకోగలిగారా? నీరసించి మొదటి దఫాతోనే ఆగిపోయినవారు రెండో దఫాకు రానేలేదు కదా! ఏది కారణం, ఏది ఫలితం అన్నది ఆ చిన్న పరీక్షలలో తేలలేదు.

అందుకని పెద్ద పరీక్ష పెట్టారు. అంతకుముందే రెండు రకాల చికిత్సలు పొంది, వాటికి కాన్సరు లొంగని మూడు వందల మందికి పైగా రోగులు అందులో చేరారు. చీటీలు వేసినట్టుగా వారిని రెండు జట్లు చేశారు. ప్రతి ముగ్గురిలో ఇద్దరికి కిరణాల మందు, ఒకరికి చూడడానికి అలాగే ఉండే ఉత్తుత్తి మందు. జెంసిటాబిన్ అనే మామూలు కాన్సరు మందును మాత్రం తక్కువ మోతాదులో రెండు జట్లకూ ఇచ్చారు. ఎవరు ఏ జట్టో రోగికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు.

2016 మార్చిలో, పరీక్ష పూర్తికాకముందే, బయటి నిపుణుల సంఘం అప్పటివరకు వచ్చిన లెక్కలు తెరిచి చూసింది. కిరణాల మందు పొందినవారు ఎక్కువ కాలం బ్రతకలేదు. రెండు జట్లకూ తేడా లేదు. పరీక్షను అక్కడితో ఆపివేశారు.

శనగ చేను చెప్పే జవాబు

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం. ఉత్తుత్తి మందు ఇవ్వడం అన్యాయం కాదా?

మా ఊరి నల్లరేగడిలో శనగ బాగా పండుతుంది. ఒక రైతు కొత్త మందు తెచ్చి చేనంతా చల్లాడనుకోండి. ఆ ఏడు ఎకరాకు రెండు బస్తాలు ఎక్కువ పండింది. మందు మహిమేనా? ఆ ఏడు మంచు బాగా పడిందేమో! విత్తనం మంచిదేమో! చెప్పలేం. అదే అతను చేనులో కొన్ని సాళ్ళకు మందు చల్లి, కొన్నిటిని వదిలేసి ఉంటే? మంచూ అదే, విత్తనమూ అదే, తేడా మందు ఒక్కటే. అప్పుడు దిగుబడి మాట్లాడుతుంది.

ఏ సాళ్ళకు చల్లాలో కూడా అతను ఎంచుకోకూడదు. మంచి నేల చూసి చల్లితే మళ్ళీ మోసపోతాడు. అందుకే చీటీలు. వైద్యుడు కూడా మనిషే. తనకు తెలియకుండానే గట్టిగా ఉన్న రోగులకు కొత్త మందు రాసి, 'బాగుంది' అనుకోవచ్చు. అతని ఆశ అతని కళ్ళను కప్పకుండా చూడడానికే ఎవరికి ఏది ఇచ్చారో దాచి ఉంచడం.

అందరికీ అసలు మందే ఇచ్చి ఉంటే ఏమయ్యేది? కొందరు ఎలాగూ కొంచెం ఎక్కువ కాలం బ్రతికేవారు. అది మందు గొప్ప అని అందరం నమ్మేవాళ్ళం. ఆ తరువాత వేలమంది రోగులు, ఇల్లూ పొలమూ అమ్ముకొని అయినా, తమకు పనికిరాని ఆ మందును ఎక్కించుకునేవారు. పైగా కిరణాల మందు ఊరికే పోదు. రక్తకణాలు తయారయ్యే ఎముకమజ్జను దెబ్బతీయగలదు. చిన్న అణువులతో చేసినవైతే మూత్రపిండాలకూ ముప్పు తేగలవు. అలాంటప్పుడు అన్యాయం ఎవరికి జరిగినట్టు?

అసలు సంగతి ఇది. పరీక్ష మొదలుపెట్టిననాడు ఏ జట్టు అదృష్టవంతులదో ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టే పరీక్ష న్యాయమైంది. మందు పనిచేస్తుందని తెలిసి కూడా ఇవ్వకుండా దాచితే అది అన్యాయం. పోల్చడానికి ఇప్పటికే మంచి మందు ఉన్నచోట ఉత్తుత్తి మందు ఒక్కటే ఇవ్వకూడదు, ఆ మంచి మందే ఇవ్వాలి. పరీక్షలో చేరే మనిషికి అన్నీ విడమరచి చెప్పి ఒప్పుదల తీసుకోవాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు అతను తప్పుకోవచ్చు. మన దేశంలో 2009 నుంచి ఇలాంటి పరీక్షలను ముందుగానే ప్రభుత్వ పట్టికలో నమోదు చేయాలి. ఫలితం బాగా లేదని తరువాత గుట్టుగా దాచేయకుండా ఉండడానికి అది ఒక కట్టుబాటు.

పోలిక లేకుండా మందు తెలియనే తెలియదా?

మా తరగతిలో ఒక అబ్బాయి ఇలా అడిగాడు. "మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి మందును చీటీలు వేసే పరీక్షించారా సార్?"

మంచి ప్రశ్న. 1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే పరిశోధనశాలలో ఫోలిక్ ఆమ్లం మీద పనిచేశారు. దానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్ అనే మందు అక్కడే తయారైంది. 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తకాన్సరు ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చినట్టు ప్రకటించాడు. 10 మందిలో గుణం కనిపించింది. అయితే అది తాత్కాలికమేనని కూడా ఆయన దాచకుండా రాశాడు. చీటీలూ లేవు, రెండో జట్టూ లేదు. అయినా ప్రపంచం నమ్మింది. ఎందుకు? ఆ రోజుల్లో ఆ జబ్బు దానంతట అది ఆ విధంగా తగ్గడం అరుదు. తేడా కొండంత ఉంటే పోలిక జట్టు లేకున్నా కనిపిస్తుంది. తేడా నెలల్లో, వారాల్లో ఉన్నప్పుడు చీటీలు వేయక తప్పదు.

ఇప్పుడు ఏం జరుగుతోంది?

2016 ఓటమితో పని ఆగలేదు. క్లోమం కాన్సరు గడ్డలో కాన్సరు కణాలకంటే వాటి చుట్టూ అల్లుకున్న పీచు కణజాలమే ఎక్కువ. మందు లోపలికి చొరకుండా అది కోటగోడలా అడ్డుపడుతుంది. ఆ గోడను కట్టే కణాలమీద ఉండే ఒక ప్రోటీనునే చిరునామాగా పెట్టుకొని కొందరు కొత్త మందులు తయారుచేస్తున్నారు. న్యూరోటెన్సిన్ గ్రాహకాన్ని చిరునామాగా పెట్టుకున్న ల్యుటీషియం-177 మందును జర్మనీలో ఆరుగురు రోగులకు ఇచ్చి, ఆ ఫలితాలను 2018లో ప్రకటించారు. ఒక రోగిలో గడ్డలు కొంత తగ్గాయి. ఆరుగురి మాట ఆరుగురి మాటే. చింతగింజల ఆట ఆరు గింజలతో ఆడి చూడండి, ఎంత తప్పుదారి పట్టవచ్చో తెలుస్తుంది.

కాబట్టి మొదటి రకం క్లోమం కాన్సరుకు కిరణాల మందు ఇంకా పరీక్ష దశలోనే ఉంది. 'గ్యారంటీగా నయం చేస్తాం' అని ఎవరైనా ప్రకటన ఇస్తే, 'ఎంతమందిలో పరీక్షించారు? దేనితో పోల్చారు?' అని రెండు ప్రశ్నలు అడగండి. ఆ రెండూ మీకిప్పుడు తెలుసు.

ఆ అమ్మాయి తాతగారికి ఆసుపత్రిలో నొప్పి తగ్గే మందులు, కామెర్లు తగ్గే చికిత్స చేశారు. సంక్రాంతి దాకా ఇంట్లోనే, మనుమల మధ్య, పెద్దగా నొప్పి లేకుండా ఉన్నారు. ఆ తరువాత పోయారు. పది రోజులకు ఆ అమ్మాయి బడికి వచ్చింది. ఆమెకు ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఆమే అంది.

"సార్, 2016లో ఆ పరీక్షలో చేరినవాళ్ళకు మేలు జరగలేదు. కాని ఆ మందుకోసం మేము పొలం అమ్ముకోకుండా వాళ్ళే ఆపారు కదా సార్."

ఆలోచించండి

1. ల్యుటీషియం-177 కంటే యిట్రియం-90 బీటా కణాలు ఎక్కువ దూరం పోతాయి. పెద్ద గడ్డకు ఏది మేలు? చిన్న గడ్డకు ఏది మేలు? ఎందుకు?

2. గాలియం-68 మందును ఉదయం 8 గంటలకు తయారుచేశారు. 10 గంటల 16 నిమిషాలకు అందులో ఎన్నో వంతు మిగులుతుంది?

3. 'ట్యూషనుకు ఎక్కువ నెలలు వెళ్ళినవారికి ఎక్కువ మార్కులు వచ్చాయి. కాబట్టి ట్యూషనే కారణం.' ఈ వాదనలో లోపం ఏమిటి? క్లివటూజుమాబ్ కథతో పోల్చి చెప్పండి.

4. మీ ఇంటి పెరట్లో ఏదైనా ఎరువును పరీక్షించాలంటే ఏ మొక్కలకు వేయాలో ఎలా నిర్ణయిస్తారు? చేసి చూసి, ఫలితం ఎలా వచ్చినా సరే, ఉన్నది ఉన్నట్టు మీ సైన్సు నోటుపుస్తకంలో రాయండి.